కెమెరా మార్చేముందు పాత ఫోటోలు లెక్కపెట్టండి

కెమెరా, లెన్సు అనే మాట వినగానే "ఇదేదో మగవాళ్ళ వ్యవహారం, మనకెందుకులే" అని రేడియో కట్టేయబోతున్నారా? కాస్త ఆగండి. ఇంట్లో ఎంతమందిమో చూసుకుని, ఎన్ని లీటర్ల కుక్కరు కావాలో తేల్చుకుని మరీ కొనేవాళ్ళం మనం. అటువంటి మనకు లెన్సు కొనడం రాని విద్యేమీ కాదు. ఆ విద్య వేళకు రాక నేను పోగొట్టుకున్నది ఒకటుంది. అది డబ్బు పెడితే తిరిగి వచ్చేది కాదు. అందుకే ఇవాళ ఈ విషయం ఎత్తుకున్నాను.

ఫోను చేతిలో వుండగా కెమెరా ఎందుకని చాలామంది అడుగుతారు. పుట్టినరోజులకీ పేరంటాలకీ ఫోను చాలు, నేనూ కాదనను. కాని కొండమీదికి మబ్బు దిగుతున్నప్పుడూ, వరి చేలమీద పొద్దు వాలుతున్నప్పుడూ ఆ దృశ్యాన్ని తీరిగ్గా తీసుకుని, పెద్దది చేయించి గోడకు తగిలించుకోవాలంటే కెమెరాతో వచ్చే తృప్తి వేరు. ప్రకృతి దృశ్యాలు తీయడం మన ఆడవాళ్ళకు అచ్చివచ్చే పని కూడాను. ఓపికగా నిలబడడం, వెలుగు మారే క్షణం కోసం కాచుకోవడం, ఇవేగా కావలసినవి? పాలు పొంగే క్షణం కనిపెట్టగలిగిన వాళ్ళకు ఇదెంత!

మనలో చాలామంది ఇళ్ళల్లో పది, పదిహేనేళ్ళ కిందట కొన్న పెద్ద కెమెరా ఒకటి బీరువాలో వుంటుంది. దాని లోపల చిన్న అద్దం వుంటుంది. మీట నొక్కగానే ఆ అద్దం పైకి లేచి "టక్కు" మంటుంది. డి.ఎస్.ఎల్.ఆర్. అంటారు దాన్ని. ఆ అద్దం లేని రకాన్ని మిర్రర్‌లెస్ అంటారు. పాత ఫిల్ము ముక్కంత పెద్ద సెన్సారుతో అటువంటి కెమెరాలను సోనీ వారు 2013లోను, నికాన్, కేనన్ వారు 2018లోను తెచ్చారు. పాతది పాడైతే బాగుచేయించేకంటే ఈ కొత్త రకానికి మారిపోయేవాళ్ళే ఎక్కువ. చిక్కంతా ఈ మారడం దగ్గరే వస్తుంది.

ఎందుకంటారా? ఒక కంపెనీ మిక్సీ జారు ఇంకో కంపెనీ మిక్సీ మీద కూర్చోదు కదా! ఒక్కోసారి అదే కంపెనీ కొత్త మిక్సీ మీద కూడా పాత జారు కూర్చోదు. లెన్సులూ అంతే. కెమెరాకు లెన్సు బిగించే చోటును మౌంటు అంటారు. నికాన్ వారి పాత మౌంటు పేరు ఎఫ్. అది 1959 నాటిది. కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలకు జడ్ అనే వేరే మౌంటు పెట్టారు. కేనన్ వారు 1987 నుంచి నడిచిన ఇ.ఎఫ్. మౌంటు స్థానంలో ఆర్.ఎఫ్. పెట్టారు. కాబట్టి కెమెరా మార్చామంటే లెన్సుల సంసారం అంతా మారినట్టే. అసలు ఖర్చు అక్కడుంది. కెమెరా నాలుగైదేళ్ళకు పాతబడుతుంది, మంచి లెన్సు ఇరవై ఏళ్ళు చాకిరీ చేస్తుంది. పొయ్యి మారినా అమ్మ ఇచ్చిన ఇత్తడి గుండిగ మారనట్టు!

ఇక నా కథ చెప్తాను.

మా పుట్టిల్లు గోదావరి గట్టున, దేవీపట్నం మండలంలో ఒక చిన్న వూరు. ఇంటి ముందు నది, ఇంటి వెనక కొండ. సాయంత్రమయ్యేసరికి ఆ కొండ నీడ మా పెంకుటింటి మీద పడి, నెమ్మదిగా నీళ్ళలోకి జారేది. మా అమ్మకు గడియారం అక్కర్లేదు. నీడ తులసికోట దాటితే దీపం పెట్టే వేళయిందని లెక్క.

2011లో మావారు ఒక నికాన్ కెమెరా కొన్నారు. దానితోపాటు రెండు జూము లెన్సులు వచ్చాయి. ఒకటి 18 నుంచి 55 మిల్లీమీటర్లది. రెండోది 55 నుంచి 200 మిల్లీమీటర్లది. రెండూ ప్లాస్టిక్ ఒంటివే, చవక రకమే. ఏడాది తిరిగేసరికి ఆయన సరదా తీరింది, కెమెరా నా చేతికి వచ్చింది. పుట్టింటికి వెళ్ళినప్పుడల్లా మెడలో వేసుకుని వెళ్ళేదాన్ని. నెంబర్ల సంగతి నాకేం తెలుసు? కంటికి నచ్చేదాకా లెన్సు తిప్పడం, నొక్కడం, అంతే!

2019లో ఆ కెమెరాలో షట్టరు పోయింది. రెండేళ్ళు కట్టిన చీటీ డబ్బు చేతికి వచ్చిన వేళ అది. "నీ డబ్బు, నీ ఇష్టం" అన్నారు మావారు. దుకాణానికి వెళ్ళి జడ్ మౌంటు కెమెరా చూశాను. "నేను కొండలూ, ఏరులూ తీస్తానండీ" అన్నాను. "ల్యాండ్‌స్కేప్ అంటే వైడే కదమ్మా" అని ఆ దుకాణదారు 14 నుంచి 30 మిల్లీమీటర్ల లెన్సు నా ముందు పెట్టాడు. చక్కని లెన్సే, దాన్ని ఇప్పుడూ అనడానికేమీ లేదు. "మరి మా పాతవి?" అంటే "దీనికి పట్టవమ్మా, మార్పిడి కింద ఇచ్చేయండి" అన్నాడు. ఆ రెండు లెన్సులకూ అతను కట్టిన ధర ఒక మోస్తరు చీర ఖరీదు కూడా కాదు. పాత సామాను పోతే బీరువా ఖాళీ అవుతుందనుకుని ఇచ్చేశాను.

2020 సంక్రాంతికి మా వూరు వెళ్ళాం. పోలవరం ముంపులోకి వచ్చే వూళ్ళలో మాదీ ఒకటి. అదే అక్కడ ఆఖరి సంక్రాంతి అని అందరికీ తెలుసు. అందరం కలిసి ఒకసారి చివరిసారిగా ఇంటిని ఫోటో తీసుకుందామనుకున్నాం. నేను కొత్త కెమెరా తీసుకుని గట్టు దిగి, నీళ్ళ అంచున నిలబడి ఇంటిని తీశాను. వాకిలి, ముగ్గు, తులసికోట, అరుగు మీద అమ్మ, అన్నీ వచ్చాయి. ఇల్లు పెద్ద భవంతిలా కనిపించింది. సంతోషించాను.

తర్వాత ఆ బొమ్మలు అచ్చు వేయించి అమ్మకు చూపిస్తే, కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూసింది. చివరికి ఒక్క మాట అంది: "ఇల్లు బాగానే వుంది గాని, కొండేదే?"

నిజమే. కొండ లేదు. ఇంటి కప్పు వెనక, కొబ్బరిమట్టల సందున, పప్పుగుత్తి బుడిపంత ఎక్కడో కనిపించీ కనిపించకుండా వుంది. మా ఇంటిమీద గొడుగు పట్టినట్టు నిలబడే కొండ, బొమ్మలో పెంకుల చాటున దాక్కుంది!

మళ్ళీ వెళ్ళి తీద్దామనుకునేలోగా కరోనా వచ్చింది. తర్వాత వూరు ఖాళీ అయింది, అమ్మావాళ్ళు పునరావాస కాలనీకి తరలివచ్చారు. ఇక తీయడానికి అక్కడ ఇల్లు లేదు.

అప్పుడు కూర్చుని ఆలోచించాను. పాత కెమెరాతో తీసిన బొమ్మల్లో కొండ అంత ఠీవిగా ఎలా వచ్చేది? కొత్తదానికి ఏమొచ్చింది? మా అమ్మాయి నాకొక సంగతి చూపించింది. కెమెరాతో తీసిన ప్రతి ఫోటోలోనూ, అది ఎన్ని మిల్లీమీటర్ల దగ్గర తీసిందో కంటికి కనబడకుండా రాసి వుంటుందట. కంప్యూటరులో ఆ ఫోటో వివరాలు తెరిస్తే ఫోకల్ లెంగ్త్ అనే చోట ఆ అంకె కనిపిస్తుంది.

ఇంకేం, పాలలెక్క రాసే పుస్తకం తీశాను. నాలుగు గళ్ళు గీశాను. 18 నుంచి 35 దాకా ఒక గడి, 35 నుంచి 55 ఒకటి, 55 నుంచి 100 ఒకటి, 100 నుంచి 200 ఒకటి. ఎనిమిదేళ్ళ బొమ్మల్లో నాకు నచ్చినవి, అంటే మళ్ళీ మళ్ళీ చూసుకున్నవి మాత్రమే ఏరి, ఒక్కోదానికి ఒక్కో గీత పెట్టుకుంటూ పోయాను. నాలుగు మధ్యాహ్నాలు పట్టింది. తీరా చూస్తే, గీతల్లో సగానికి పైగా చివరి గడిలో పడ్డాయి. అంటే, నేను ప్రకృతిని చూసే తీరు వైడు కాదు. దూరంగా నిలబడి, కావలసినంత మేరకే ఏరుకుని చూసే తీరు. ఆ చూపుకు పనికివచ్చే చవక లెన్సును నేను దుకాణంలో ఇచ్చేసి వచ్చాను!

సోదరీమణులారా, ఈ ప్రసంగంలో మీరు ఒక్క ముక్కే గుర్తు పెట్టుకోదలిస్తే, ఇది గుర్తు పెట్టుకోండి. కెమెరా మార్చేముందు దుకాణానికి వెళ్ళకండి, మీ పాత ఫోటోల దగ్గరకు వెళ్ళండి. మీకు ఏ జూము కావాలో అవి చెబుతాయి.

ఇప్పుడు కొండ ఎందుకు చిన్నదైందో చెప్తాను. ఇందులో లెన్సు చేసిన మాయ ఏమీ లేదు. అది నన్ను నిలబెట్టిన చోటే కారణం. వైడు లెన్సు చాలా మేర చూస్తుంది కనుక, ఇల్లు బొమ్మ నిండా రావాలంటే ఇంటికి బాగా దగ్గరగా వెళ్ళాలి. నలభై అడుగుల దూరం నుంచి ఇరవై అడుగులకు వచ్చామనుకోండి, ఇల్లు రెండింతలవుతుంది. కాని మైలు దూరంలో వున్న కొండకు మన ఇరవై అడుగులూ ఒక లెక్కా? అది వున్నంతే వుంటుంది. పాతరోజుల్లో నేను ఏం చేసేదాన్నంటే, వేసవిలో నది మధ్య ఇసుక తిన్నె మీదకు పోయి, అక్కడి నుంచి లెన్సు బాగా ముందుకు తిప్పి తీసేదాన్ని. అంత దూరం నుంచి చూస్తే ఇల్లు, కొండ తమ తమ అసలు పరిమాణాల్లో పక్కపక్కన నిలుస్తాయి. కొండ కొండలాగే వుంటుంది. అంటే, దగ్గరి వస్తువును పెద్దది చేసి చూపదలిస్తే వైడు, దూరపు వస్తువుకు గౌరవం ఇవ్వదలిస్తే టెలి.

అంకెల్లో చెప్పాలంటే, పెద్ద సెన్సారు మీద 14 మిల్లీమీటర్ల లెన్సు మూల నుంచి మూలకు 114 డిగ్రీల మేర చూస్తుంది. 24 అయితే 84 డిగ్రీలు, 200 అయితే 12 డిగ్రీలే. అంకె పెరిగినకొద్దీ చూపు సన్నబడుతుందన్నమాట.

మన ప్రాంతంలో చోట్లతో చెబితే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. గండికోట వెళ్ళారనుకోండి. పెన్నానది కోసుకుపోయిన లోయ మన కాళ్ళ ముందే మొదలై దూరాన మలుపు తిరుగుతుంది. అంచున వున్న ఎర్రబండా, అడుగున వున్న నీరూ, ఆకాశం అన్నీ కావాలంటే 14 నుంచి 24 లోపు లెన్సే శరణ్యం. కోనసీమలో కాలువగట్టు, కొబ్బరితోట, పడవ, ఇటువంటివాటికి 24 నుంచి 70 చాలు. అదే పాడేరు దగ్గర వంజంగి కొండెక్కి, తెల్లవారుజామున మబ్బుల సముద్రంలోంచి కొండకొమ్ములు ఒకదాని వెనక ఒకటి పైకి లేస్తుంటే, అక్కడ 100 నుంచి 200 కావాలి. అక్కడ వైడు పెడితే ఆకాశం ఎక్కువ, మబ్బు తక్కువ, మధ్యలో మనతోపాటు వచ్చిన జనం తలకాయలూ వస్తాయి!

ఇక్కడ ఒక చిన్న ఎక్కం నేర్చుకోవాలి. పాత కెమెరాల్లో చాలావాటికి సెన్సారు చిన్నది. దానిమీద వున్న అంకెను, పెద్ద సెన్సారు కెమెరాకు మారేటప్పుడు ఒకటిన్నరతో హెచ్చవేయాలి. నా పాత 18-55 లెన్సు పెద్ద సెన్సారు లెక్కలో 27 నుంచి 82. పాత 55-200 లెన్సేమో 82 నుంచి 300. నేను ఎక్కువగా వాడిన 130 అంటే 195 అన్నమాట. కేనన్ వారి చిన్న సెన్సారుకు ఒకటిన్నర బదులు 1.6తో హెచ్చవేయాలి. ఒలింపస్, పానాసోనిక్ వారు 2008లో తెచ్చిన మైక్రో ఫోర్ థర్డ్స్ పద్ధతికైతే రెండుతో. ఈ ఎక్కం తెలియకపోతే, "నాకు 18 వుండేది, ఇప్పుడూ 18 కావాలి" అని అడిగి, అవసరానికి మించిన వైడు తెచ్చుకుంటాం.

ఇక బరువు సంగతి. మా మరిది ఫోటోలంటే ప్రాణం పెడతాడు. నా గోడు విని "వదినా, ఈసారి మీరు ఎఫ్ 2.8 రకం మూడూ తీసేసుకోండి, జన్మలో మళ్ళీ చూడక్కర్లేదు" అన్నాడు. ఎఫ్ 2.8 అంటే లెన్సు కన్ను బాగా పెద్దగా తెరుచుకునే రకం. చీకట్లో, పెళ్ళి మండపాల్లో, ఆటల పోటీల్లో, రాత్రి నక్షత్రాలు తీసేటప్పుడు అది అక్కరకు వస్తుంది. కాని కొండ పరుగెత్తదు కదా! దృశ్యాలు తీసేటప్పుడు దగ్గరి బండ నుంచి దూరపు కొండ దాకా స్పష్టంగా రావాలని మనమే ఆ కన్నును ఎఫ్ 8కో ఎఫ్ 11కో మూస్తాం. ఎప్పుడూ మూసే తలుపును పెద్దది చేయించుకోవడం ఎందుకు? అలాగని మరీ ఎఫ్ 22 దాకా మూసినా బొమ్మ పదును తగ్గుతుంది, అదీ తెలుసుకోండి.

బరువు లెక్క వేసి చూపిస్తే మా మరిదే నోరు మూశాడు. నికాన్ జడ్‌లో ఎఫ్ 2.8 రకం 14-24 లెన్సు 650 గ్రాములు, 24-70 లెన్సు మొదట వచ్చినది 805 గ్రాములు, 70-200 లెన్సు స్టాండు పట్టీతో కలిపి 1440 గ్రాములు. వెరసి 2 కిలోల 895 గ్రాములు. కెమెరా, స్టాండు, మంచినీళ్ళ సీసా, పిల్లల స్వెట్టర్లు దీనికి అదనం. అదే నా 14-30 ఎఫ్ 4 లెన్సు 485 గ్రాములు, 24-120 ఎఫ్ 4 లెన్సు 630 గ్రాములు. రెండూ కలిపి కిలో 115. మొదటి లెక్కలో సగం కూడా కాదు. "బరువని ఇంట్లో వదిలేసిన లెన్సుతో ఫోటో రాదు కదయ్యా" అన్నాను. నలభై దాటిన మన మెడలూ భుజాలూ ఏం చెబుతున్నాయో వినడం కూడా లెన్సుల ఎంపికలో భాగమే.

అయితే ఏ జూము తీసుకోవాలి? మీ గీతలు ఎక్కడ పడ్డాయో చూడండి. ఒకటిన్నరతో హెచ్చవేశాక అవి 24కూ 120కీ మధ్య పడితే, 24-120 ఒక్కటే చాలు. గుడి ప్రాకారం నుంచి గోపురం దాకా అన్నిటికీ సరిపోతుంది. నాలాగా 200 దాకా పోతే 24-200 అని ఒకటుంది, 570 గ్రాములే. కాని ఒక సంగతి. ఎక్కువ మేర తిరిగే జూములో మూలల పదును కాస్త రాజీ పడవలసి వస్తుంది, ముందుకు తిప్పినకొద్దీ కన్ను కూడా సన్నబడుతుంది. ఒకే మనిషి వంటా, బట్టలూ, పిల్లల చదువూ చూసుకోవడం లాంటిది. అన్నీ జరుగుతాయి, అన్నీ అద్భుతంగా జరగాలంటే కుదరదు. స్టాండు మీద పెట్టి, ఎఫ్ 8 దగ్గర తీస్తే ఆ తేడా మన గోడ మీద బొమ్మలో కనపడదు. గీతలు నిజంగా 20 లోపు పడినవాళ్ళు మాత్రమే వైడు జూముతో మొదలుపెట్టండి.

నికాన్ పేరు ఎక్కువగా చెప్పానని ప్రచారం అనుకోకండి. మా ఇంట్లో వున్నది అదే కనుక ఆ లెక్కలు చెప్పాను. మిగతావారి దగ్గరా ఇటువంటివి వున్నాయి. కేనన్ ఆర్.ఎఫ్.లో 24-105 ఎఫ్ 4 లెన్సు 700 గ్రాములు. సోనీ వారి 24-105 ఎఫ్ 4 లెన్సు 663 గ్రాములు. ఫ్యూజీ వారి చిన్న సెన్సారుకు 16-80 ఎఫ్ 4 వుంది. హెచ్చవేసి చూస్తే 24-120, బరువు 440 గ్రాములు. ఒలింపస్ వారు తెచ్చిన 12-100 ఎఫ్ 4 లెన్సు 561 గ్రాములు, రెండుతో హెచ్చవేస్తే 24-200. చూశారా, పేర్లు వేరైనా వంట ఒకటే. ఏ పద్ధతికి మారాలన్నా, ముందు మీకు కావలసిన జూము ఆ పద్ధతిలో, మీరు మోయగలిగే బరువులో, మీరు పెట్టగలిగే ధరలో వుందో లేదో చూసి, ఆ తర్వాత కెమెరా ఒంటిని ఎంచుకోండి. మనం ఎప్పుడూ దీనికి తిరగేసి చేస్తాం.

పాత లెన్సుల సంగతి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తి కాదు. అవి "పట్టవు" అన్న మాట సగమే నిజం. పాత నికాన్‌లో లెన్సు అంచు నుంచి సెన్సారుకు 46.5 మిల్లీమీటర్ల ఎడం. మధ్యలో అద్దం ఆడాలి కదా! అద్దం పోయాక కొత్త జడ్‌లో ఆ ఎడం 16 మిల్లీమీటర్లే. ఆ తేడాను పూడ్చే గొట్టం ఒకటుంది, అడాప్టరు అంటారు. నికాన్ వారు ఎఫ్.టి.జడ్. పేరుతో దాన్ని 2018లో కెమెరాతోపాటే తెచ్చారు. బరువు 135 గ్రాములు. కేనన్ వారికీ అటువంటిదే వుంది. లోపల సొంత మోటారు వున్న పాత లెన్సులు దీనిమీద తమంతట తామే ఫోకసు చేసుకుంటాయి. నేను ఇచ్చేసిన 55-200 అటువంటిదే. చిన్న సెన్సారు లెన్సు కనుక కొత్త కెమెరా బొమ్మలో మధ్యభాగం మాత్రమే తీసుకుంటుంది. 24 మెగాపిక్సెళ్ళు వున్నచోట 10 మిగులుతాయి. గోడమీద ఒక మాదిరి బొమ్మకు అవి చాలు. ఇంకా పాతకాలపు లెన్సులను కెమెరా ఒంట్లోని మోటారే మర తిప్పి నడిపించేది. నికాన్ వారి అడాప్టరులో ఆ మర లేదు కనుక అటువంటివాటికి చేత్తో ఫోకసు తిప్పుకోవాలి. కొండను తీయడానికి అదేమంత కష్టం? తాపీగా తిప్పుకోవచ్చు.

అందుకని, పాత లెన్సులను కొన్నరోజే మార్పిడి కింద ఇవ్వకండి. అడాప్టరు ఒకటి కొని, ఒక ఏడాది, అంటే ఒక వానకాలం, ఒక చలికాలం, ఒక ఎండాకాలం చూడండి. ఏది లేకపోతే చెయ్యి ఆడటంలేదో తెలుస్తుంది. అప్పుడు ఆ ఒక్కదాని బదులు కొత్త మౌంటు లెన్సు కొనండి. మిగిలినది అమ్ముకోండి. ఒకేసారి అంతా మార్చాలన్న నియమం ఎక్కడా లేదు.

అమ్మేదాకా వాటిని భద్రంగా వుంచాలి కూడా. మన కోస్తా తేమకు లెన్సు లోపల బూజు పడుతుంది. సన్నని సాలెగూడులా పాకుతుంది. బట్టల బీరువాలో, తోలు సంచీలో మూసి పెడితే మరీ తొందరగా పడుతుంది. గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెట్టండి, నెలకోసారైనా తీసి వాడండి. వాడిన లెన్సు కొనేటప్పుడు కూడా వెనకనుంచి టార్చి వేసి లోపల బూజు వుందేమో చూడండి. జూము మొదటి నుంచి చివరిదాకా ఒకే బిగువుతో తిరుగుతోందో లేదో తిప్పి చూడండి. నాలుగు ఫోటోలు తీసి నాలుగు మూలలూ పెద్దవి చేసి చూడండి. వంకాయ కొనేటప్పుడు తొడిమ తిప్పి చూస్తామా లేదా!

ఇంకొక్క చిన్నమాట. ఆకుల మీద, నీళ్ళ మీద మెరుపు తగ్గించడానికి పోలరైజరు అనే గాజుబిళ్ళ ముందు బిగిస్తారు. వరిచేల పచ్చదనం దానితో చక్కగా తేలుతుంది. లెన్సు లెన్సుకూ దాని సైజు మారుతుంది. 14-30కి 82, 24-120కి 77, 24-200కి 67 మిల్లీమీటర్లు. అన్నిటికీ విడివిడిగా కొనకుండా పెద్ద సైజు ఒకటి కొని, మిగతావాటికి చవకగా దొరికే స్టెప్ అప్ రింగులు తీసుకుంటే సరి. అయితే మరీ వైడు లెన్సుకు పోలరైజరు పెడితే ఆకాశం ఒకపక్క ముదురునీలం, ఒకపక్క లేతనీలం అయి మరకలా కనబడుతుంది. అక్కడ తీసేయడమే మేలు.

చివరికి నేనేం చేశానంటే, 2022లో 24-200 లెన్సు కొన్నాను. 14-30 లెన్సును అమ్మలేదు. గండికోటకు వెళితే అదే కావాలి కదా. ఇంట్లోంచి బయలుదేరేముందు ఎక్కడికి పోతున్నానో ఆలోచించి రెంటిలో ఒకటే సంచీలో వేసుకుంటున్నాను. భుజం నొప్పి లేదు. దుకాణదారు మీద ఇప్పుడు నాకు కోపం కూడా లేదు. నాకేం కావాలో నాకే తెలియనప్పుడు అతనికెలా తెలుస్తుంది?

ఆ పాలలెక్క పుస్తకంలో గీతలు పెట్టుకుంటున్నప్పుడే 2014 నాటి ఒక బొమ్మ కంటబడింది. ఇసుక తిన్నె మీదనుంచి, ఆ చవక లెన్సుతో, 130 దగ్గర తీసింది. నది, గట్టు, మా పెంకుటిల్లు, దానిమీదుగా కొండ. అరుగుమీద ఎవరో చుక్కలా కూర్చుని వున్నారు, అమ్మో నాన్నో గుర్తుపట్టలేం. దాన్ని పెద్దది చేయించి కాలనీలో అమ్మ గదిలో తగిలించాను. ఈసారి అమ్మ ఏమీ అడగలేదు. దగ్గరకు వెళ్ళి, కొండ నీడ ఎక్కడిదాకా వచ్చిందో వేలితో చూసి, "దీపాలవేళ తీశావే ఇది" అంది.

మీ పాత ఫోటోలు ఏ డబ్బాలో, ఏ కంప్యూటరులో మూలుగుతున్నాయో ఇవాళ మధ్యాహ్నమే తీసి చూడండి. కొత్త కెమెరా ఎప్పుడైనా కొనుక్కోవచ్చు.